తునికాకు చప్పుడు

చీకట్లో కూర్చుని జీతం తీసుకున్నదాన్ని నేను. ఈ మాట చెబితే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. నా మొదటి ఉద్యోగంలో సగం పని చీకట్లో కూర్చోవడమే, మిగతా సగం ఆ చీకటికి లెక్క కట్టడం.

డెబ్భైల చివర్లో ఫిజిక్స్ ఎమ్మెస్సీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. మాది సుల్తానాబాద్ పక్కన పల్లె, వడ్ల వ్యవసాయం. చదువు అయింది కదా, పెళ్లి ఎప్పుడని వచ్చినవాళ్లందరూ అడిగేవారు. వాళ్లకు జవాబు చెప్పలేక గోదావరి అవతల, నస్పూర్ వైపు, బొగ్గు గనుల సామాన్లు పరీక్షించే ఒక వర్క్‌షాపుకు దరఖాస్తు పెట్టాను. అప్పుడది ఆదిలాబాద్ జిల్లా. ఎక్స్‌రేతో ఇనుము లోపల చూసే పని అని తెలిసి మా అవ్వ, "డాక్టరమ్మ లెక్కనా?" అని అడిగింది. అంతే అన్నాను. మరీ అబద్ధం కాదు. మా దగ్గరికి వచ్చే రోగి మాత్రం బెల్టు.

ఆ బెల్టు గురించి చెప్పాలి. గని అడుగు నుంచి పైకి ఏటవాలుగా ఒక సొరంగం, దాని పొడవునా బొగ్గు మోసుకొచ్చే రబ్బరు బెల్టు. పైకి రబ్బరే గానీ, లోపల పొడవునా ఉక్కు తీగలు పక్కపక్కనే ఉంటాయి. బరువంతా వాటి మీదే. అంత పొడవు బెల్టు ఒకే ముక్కగా రాదు. ముక్కలను కొసకు కొస చేర్చి, తీగలను ఒకదాని పక్కన ఒకటి పేర్చి, వేడి మీద రబ్బరును అతికిస్తారు. దాన్ని జాయింటు అంటారు. జాయింటు లోపల తీగలు తెగుతున్నా, జారుతున్నా పైనుంచి చూస్తే నున్నగా, కొత్తదానిలాగే కనిపిస్తుంది. షిఫ్టు దిగిన మనుషులు కూడా ఆ బెల్టు మీదే కూర్చుని పైకి వచ్చేవారు. జాయింటు ఊడితే బెల్టు, బొగ్గు, మనుషులు అందరూ కలిసి వెనక్కి, కిందికి పోతారు. చేరిన మొదటి రోజే పెద్ద ఇంజినీరు నన్ను సొరంగం మొగదల నిలబెట్టి ఈ సంగతి చెప్పాడు. మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

అంతకుముందు జాయింట్లకు ఫిలిం తీసేవారు. బెల్టు ఆపి, ఒక్కొక్క జాయింటు కింద ఫిలిం పెట్టి, కడిగి, ఆరబెట్టి చూడాలి. నమ్మకమైన పని, నత్త నడక. బెల్టు ఆగిన ప్రతి గంటకూ పైనుంచి ఫోన్లు. అందుకని ఇంజినీరు ఒక తెర తెప్పించాడు. కింద ఎక్స్‌రే గొట్టం, నడుమ మెల్లగా నడిచే బెల్టు, పైన మెరిసే మందు పూసిన తెర. ఎక్స్‌రే తగిలినచోట తెర పచ్చగా వెలుగుతుంది. తీగ ఉన్నచోట నల్లటి గీత, రబ్బరు ఉన్నచోట పచ్చటి సందు. తీగ తెగి ఉంటే నల్లగీత నడుమ చిన్న పచ్చచుక్క పడుతుంది. దాన్ని తిన్నగా చూడకూడదు కాబట్టి అద్దంలో, సీసం కలిపిన మందపాటి గాజు వెనుక నుంచి, చీకటి గదిలో కూర్చుని చూడాలి. సెలవు రోజున ఖాళీ బెల్టును ఆ గది ముందు నుంచి నడిపేవారు.

నా పని ఏమిటంటే, ఈ తెరను ఎంతవరకు నమ్మవచ్చో లెక్క కట్టి చెప్పడం. బెల్టు ఎంత వేగంగా నడిస్తే ఎంత చిన్న తెగుడు కనిపిస్తుంది? వేగం పెరిగితే బొమ్మ అలుక్కుపోతుంది. తెర వెలుగు వెంటనే ఆరదు, తోక ఈడుస్తుంది. తెర మీది మందు గింజలు పెద్దవైతే వెలుగు ఎక్కువ, కానీ సన్నటి గీత చెదురుతుంది. ఇవన్నీ కలిపి ఒక సూత్రం రాసి, లాగరిథం పట్టికలు, స్లైడ్ రూలు ముందేసుకుని గ్రాఫులు గీసేదాన్ని. తొంభైల్లో ఇదంతా కెమెరా, కంప్యూటరు చూసుకున్నాయి. మా కాలంలో మాత్రం సూత్రం చివరన ఒక అంకె ఉండేది, దాని పేరు కన్ను. మసక వెలుగులో మనిషి కన్ను సన్నటివాటిని పట్టలేదు. ఎంతవరకు పట్టగలదన్నది కూడా లెక్కలో వేయాలి. నేను నా కన్నును కొలిచి వేశాను. నా కళ్లజోడు మందం చూసి ఇంజినీరు అనుమానపడ్డాడు గానీ, ఇంకెవరి కళ్లు అడగను?

తెర చదివే మనిషి వేరే ఉన్నాడు. కరీంనగర్ వైపు సాలోళ్ల ఇంటివాడు. చిన్నప్పుడు ఇంట్లో మగ్గం, తర్వాత పవర్‌లూమ్, ఆ తర్వాత కళ్ల మీద నమ్మకంతో ఈ ఉద్యోగం. ఉక్కు తీగను ఆయన ఏనాడూ తీగ అనలేదు, పోగు అనేవాడు. "పోగు తెగింది", "పోగు జారింది." కొన్నాళ్లకు వర్క్‌షాపంతా పోగు అనడమే. నేను ఇంజినీరుకు రాసిన రిపోర్టులో కూడా ఒకచోట పోగు అని పడింది, ఆయన దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశాడు.

చీకటికి కళ్లు అలవాటు పడాలంటే దాదాపు అరగంట పడుతుంది. గదిలోకి వచ్చే ముందు ఆయన ఎర్రద్దాలు పెట్టుకుని తిరిగేవాడు. ఎరుపు వెలుగు చీకటి చూపును చెడగొట్టదు. హోటల్లో చాయ్ తాగేవాళ్లు కండ్ల కలకొచ్చిందా అని ఆటపట్టించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేనైతే ఊరుకునేదాన్ని కాదు.

అద్దాలు పెట్టుకున్నా గదిలో మేమిద్దరం కొంతసేపు ఊరికే కూర్చోక తప్పదు. ఈ సంగతి మా బాపు చెవిన పడింది. ఒకనాడు బస్సెక్కి వచ్చేశాడు. తలుపేసిన చీకటి గదిలో పరాయి మగవాడి పక్కన తన బిడ్డ కూర్చోవడమేమిటని ఇంజినీరునే అడిగాడు. సైన్సు అని ఇంజినీరు ఏదో చెప్పబోయాడు, బాపు వినలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం ఊడినట్టేననుకున్నాను. తెర చదివే ఆయనే ఉపాయం చెప్పాడు. "మా ఆమె వచ్చి కూసుంటది పెద్దయ్యా. ఫికర్ చెయ్యకుండ్రి." బాపు ఒప్పుకున్నాడు.

అట్లా ఆయన భార్య మా చీకటి గదిలోకి వచ్చింది. నాకంటే కొంచెం పెద్దది, తక్కువ మాట్లాడుతుంది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. బీడీలు చేసే చాట తెచ్చుకునేది. ఆకు ఇంటి దగ్గరే నానబెట్టి కత్తిరించుకుని వస్తుంది. చీకట్లో మా వెనుక గోడకు ఆనుకుని, చాట ఒళ్లో పెట్టుకుని, చూడకుండానే పొగాకు పోసి చుట్టి దారం కట్టేది. సరసరమని తునికాకు చప్పుడు. దానితోపాటు పొగాకు వాసన. మూసిన గది, నాకు తుమ్ములు. మర్యాదకు కొన్నాళ్లు ఓర్చుకున్నాను.

ఇక లెక్క సంగతి. పరీక్ష కోసం బెల్టు ముక్క ఒకటి చేయించాను. అందులో అక్కడక్కడ తీగలు కోసి, రకరకాల సందులు ఉంచి, పైన రబ్బరు అతికించాం. ఎక్కడెక్కడ కోశామో నాకూ ఇంజినీరుకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. ముక్కను చేతి గిర్రతో లాగుతుంటే తెర చదివే ఆయన తెగుడు కనిపించినప్పుడల్లా "ఉంది" అనాలి. నా సూత్రం ప్రకారం ఒక స్థాయి కంటే చిన్న సందులు కనిపించకూడదు. నాకు కనిపించలేదు. ఆయన మాత్రం వాటినీ చెప్పేవాడు. సూత్రం వద్దన్నవాటిని తాపీగా "ఉంది" అని చెప్పేవాడు.

నాకు ఒళ్లు మండింది. తెర వెలుగు మళ్లీ కొలిచాను. గింజల లెక్క మళ్లీ వేశాను. ఎక్కడా తప్పు దొరకలేదు. ఇంజినీరు మురిసిపోయాడు. లెక్క కంటే మనిషే గొప్ప అని, ఇక బెల్టు వేగం పెంచుదామని అన్నాడు. వేగం పెంచితే సెలవు రోజు ఒక్క పూటలో బెల్టంతా అయిపోతుంది, ఫిలిం గొడవే ఉండదు. వేగం పెంచే కాగితం మీద నా సంతకం కావాలి. నేను పెట్టలేదు. అర్థం కాని అంకె మీద సంతకం పెట్టడం నా వల్ల కాదు, ఆ బెల్టు మీద మనుషులు కూర్చుంటారు.

ఆ చిరాకులో ఒకరోజు గదిలో నాకు ఏకాగ్రత కుదరలేదు. వెనుక సరసర, ముందు అలుక్కుపోయిన గీతలు. చెవిలో జోరీగలా అనిపించి, "అక్కా, గా ఆకుల చప్పుడు జరసేపు ఆపుతవా?" అని కొంచెం గట్టిగానే అన్నాను. చాట పక్కన పెట్టింది. గది నిశ్శబ్దమైంది.

ముక్క కదిలింది. చిన్న సందులు పోయాయి, ఆయన పలకలేదు. కాస్త పెద్దవి వచ్చాయి, పలకలేదు. నా కళ్లజోడుకు సైతం పచ్చగా మెరిసిన పెద్ద తెగుడు అద్దంలో నడిచిపోయింది. ఆయన పలకలేదు. నిద్రపోయాడేమోనని చూస్తే, మసకలో, నిటారుగా కూర్చుని ఉన్నాడు.

ముక్కను మళ్లీ మొదటికి లాగించాను. ఏదో అర్థమవుతున్నట్టూ ఉంది, కానట్టూ ఉంది. ఇక చుట్టుకోవచ్చని ఆమెతో చెప్పాను. సరసర మొదలైంది. నేను కళ్లు మూసుకున్నాను. కొంతసేపటికి ఆ చప్పుడు ఆగింది. "ఉంది" అన్నాడాయన. మళ్లీ సరసర. మళ్లీ ఆగింది. "ఉంది." కళ్లు మూసుకున్న నేను కూడా ఆ బెల్టును చివరిదాకా చదవగలిగాను.

ఆమెకు మా భుజాల మీదుగా అద్దం కనిపిస్తోంది. పోగు తెగినచోట ఆమె చెయ్యి ఆగుతోంది. ఆయన తెర చూడటం లేదు, ఆ చేతిని వింటున్నాడు. నా సూత్రంలో కన్ను ఉంది గానీ చెవి లేదు.

ఆమెను ఇంటికి పంపించి, మధ్యాహ్నం ఎండలో, పాత బెల్టు చుట్టలు పెట్టిన చోట ఆయనను నిలబెట్టి అడిగాను.

"రేచీకటి మేడం," అన్నాడు. "మా బాపుకుండె. నాకు ఎప్పుడు మొదలైందో నాకే ఎరుకలే. ముందుగాల సన్న పోగులు కనబడకపాయె. తర్వాత అన్నీ పోయినయి. ఒకనాడు ఆమె చెయ్యి ఆగింది, ఏందో అనుకొని ఉంది అన్న. ఫిలిం తీస్తే నిజంగనే ఉండె. గప్పటి సంది గంతే."

ఆమెకు తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. తన చెయ్యి ఆగుతుందనే ఆమెకు తెలియదట. "ఆమెకు చెప్పకుండ్రి. నాయి ఎక్స్‌రే కండ్లని వాడకట్టంత చెప్పుకుంటది."

చెప్పనని మాటిచ్చాను. జాలేసింది, నిజమే. కానీ ఆ జాలి వెనకే ఇంకొకటి గుర్తొచ్చింది. కిందటి నెలలో ఆమె చెల్లెలి కాన్పుకని పుట్టింటికి పోయింది. ఆమె లేదని నేనూ గదిలోకి పోలేదు, బాపుకిచ్చిన మాట ప్రకారం బల్ల దగ్గర లెక్కలు వేసుకున్నాను. సెలవు రోజుల్లో బెల్టు మాత్రం నడిచింది. జాయింట్లు చూడటం ఆగలేదు.

"అప్పుడు ఎవరు చదివిండ్రు?" అన్నాను.

"నేనే."

"అన్నీ బాగున్నయని చెప్పిండ్రా?"

"చెప్పిన," అన్నాడు. సొరంగం మొగదల నుంచి షిఫ్టు దిగిన వాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. ఆ జాయింట్ల మీద కూర్చుని వచ్చినవాళ్లే వాళ్లు. నాకు కోపం ఆగలేదు. ఉద్యోగం పోతుందని భయమైతే భయం గానీ, వాళ్ల ఇళ్లలో ఏం చెబుతారని అడిగాను. పొద్దుగూకేలోపు మీరు ఇంజినీరుకు చెప్పకపోతే నేనే చెప్తానన్నాను. ఆయన ఎర్రద్దాలు తీసి జేబులో పెట్టుకుని, అక్కడినుంచి తిన్నగా ఇంజినీరు గదికే పోయాడు.

తన రేచీకటి సంగతి చెప్పాడు, ఆమె ఊరికి పోయిన నెలలో తాను చూడకుండానే జాయింట్లను వదిలేశానని చెప్పాడు. ఆమె చేతి సంగతి మాత్రం చెప్పలేదు. ఇంజినీరు కేకలేయలేదు, లేచి బెల్టు ఆపించాడు. ఆ జాయింట్లన్నిటికీ ఫిలిం తీశాం. అన్ని రోజులూ గనివాళ్లు సొరంగం ఎత్తు నడిచి ఎక్కుతూ మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టారు. ఒక జాయింటులో పోగులు పక్కపక్కనే తెగి ఉన్నాయి, ఫిలిం మీద పళ్లూడిన దువ్వెనలాగ. దాన్ని కోసి కొత్తగా అతికించారు. ఆ ఫిలింను వెలుగుపెట్టె ముందు పట్టుకుని తెగిన పోగులను ఒక్కొక్కటే లెక్కపెట్టాను.

ఇంజినీరు నన్ను ఒకటే అడిగాడు. చూపు లేనివాడు పరీక్ష ముక్క మీద అంత బాగా ఎట్లా చెప్పాడని. నా లెక్కలో ఒకటి వేయడం మరిచిపోయానని చెప్పాను. అది అబద్ధం కాదు. ఆ తర్వాత తెర ముందు కూర్చునే ప్రతి మనిషికీ చీకటి చూపు పరీక్షించాలని నా రిపోర్టులో రాశాను. ఆ మాటను మాత్రం ఎర్ర సిరా ముట్టుకోలేదు.

తెర చదివే ఆయన ఉద్యోగం పోలేదు, కుర్చీ పోయింది. బెల్టు స్టోరులో వేశారు. పగటి పని. తెర ముందుకు కొత్త మనిషి వచ్చాడు. ఆయనతో చీకట్లో కూర్చోవాల్సి వచ్చినప్పుడు నేను బాపును అడగలేదు. చెప్పలేదు కూడా. గదిలో పొగాకు వాసన పోయింది, తుమ్ములు పోయాయి. నిశ్శబ్దంలో లెక్కలన్నీ సూత్రం చెప్పినట్టే వచ్చాయి. వస్తే సంతోషించాలి కదా, సంతోషం రాలేదు.

కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం వాళ్ల ఇంటికి పోయాను. పొద్దు కుంకుతోంది. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే గొంతును బట్టి నన్ను గుర్తుపట్టి లోపలికి పొమ్మన్నాడు. ఆమె గడప లోపల చాట ముందు కూర్చుని ఉంది. చెయ్యి నడుస్తూనే ఉంది, సరసర. పీట వేసింది, మంచినీళ్లిచ్చింది, మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది. బయటికి వినబడకుండా గొంతు తగ్గించి అడిగింది.

"ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి మేడం. నా ఆకుల చప్పుడు మిమ్ముల పరేషాన్ చేసిందనే గద, ఆయనను గా కుర్చీల కెల్లి తీసింది? ఆయన చెప్తలేడు. కండ్లు బాగలెవ్వని అంటున్నరు గని, అది బహానా అని నాకెరుక. నేను చాట తేకుంటే గా కుర్చీ పోకపోతుండె."

ఇన్ని వారాలూ ఈమె ఇది మోస్తోంది. నేను ఆ రోజు గట్టిగా అన్న మాట ఒక్కటే ఆమె దగ్గర ఉంది, మిగతాదంతా మా దగ్గర ఉండిపోయింది. ఆయనకు ఇచ్చిన మాట గుర్తుంది. దాన్ని తప్పాను. ఆయనకు చీకట్లో నిజంగానే కనబడదని చెప్పాను. పోగు తెగినప్పుడల్లా ఆమె చెయ్యి ఆగేదని, ఆయన అది వినేవాడని, అన్నాళ్లూ ఆ బెల్టును చదివింది ఆమేనని చెప్పాను.

"నేనెప్పుడాగిన?" అంది ముందు, తప్పు మోపినట్టు. తర్వాత నెమ్మదిగా, "పోగు తెగితే చెయ్యి ఆగుతది మేడం. మగ్గం కాడ చిన్నప్పటి సంది గంతే," అంది. అని తన చేతి వైపు చూసుకుంది. చెయ్యి ఆగిపోయింది.

వాకిట్లో మంచం కిర్రుమంది.

"ఏమాయె?" అన్నాడాయన బయటినుంచి. "చెయ్యాగింది?"

ఆమె నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు నిండాయి, గొంతులోకి మాత్రం రానివ్వలేదు.

"ఏం లే," అంది. ఇంకో ఆకు తీసుకుంది. నేను అక్కడ ఉన్నంతసేపూ ఆ చప్పుడు మళ్లీ ఆగలేదు.